మిగిలిపోయిన విదేశీ డబ్బుకు పూర్తి విలువ రాబట్టుకోవడం ఎలా?

మా అమ్మ బీరువాలో పట్టుచీరల కింద ఒక బ్రౌన్ కవరు ఉండేది. అమెరికాలో అక్క దగ్గరికి రెండుసార్లు వెళ్ళొచ్చాక మిగిలిన డబ్బు అందులో ఉంచింది. మూడు వంద డాలర్ల నోట్లు, రెండు ఇరవైలు, ఆరు ఒక డాలరు నోట్లు. దుబాయ్‌లో విమానం మారేటప్పుడు తీసుకున్న 115 దిర్హములు. లండన్‌లో ఉండే తమ్ముడు ఎప్పుడో వదిలి వెళ్ళిన రెండు ఇరవై పౌండ్ల కాగితపు నోట్లు. పక్కనే ఒక హార్లిక్స్ సీసా నిండా నాలుగైదు దేశాల చిల్లర.

ఆ కవరు పట్టుకుని నేను తిరిగిన రోజునే నాకు ఈ విషయం పూర్తిగా అర్థమైంది. ఒకే రోజు, ఒకే ఊళ్ళో, ఒకే నోటుకు అయిదు షాపులు అయిదు రేట్లు చెప్పాయి. ఎక్కువకూ తక్కువకూ మధ్య డాలరుకు రెండు రూపాయల పైనే తేడా ఉంది. అంతకు ముందు ఏడాది మా బాబాయి 500 డాలర్లను ఒక విమానాశ్రయం కౌంటర్‌లో మార్చి, డాలరుకు దాదాపు ఏడు రూపాయలు పోగొట్టుకున్నాడు. మొత్తం 3,500 రూపాయలు. ఆయనకు ఎవరూ అబద్ధం చెప్పలేదు, బోర్డు మీద రేటు రాసే ఉంది. దాన్ని దేనితో పోల్చుకోవాలో ఆయనకు తెలియదు, అంతే. అది తెలియజెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

మొదటి మెట్టు: ఉన్నదాన్ని విడదీయండి

మార్చడానికి బయల్దేరే ముందు అన్నీ మంచం మీద పరిచి నాలుగు కుప్పలు చేయండి.

మొదటి కుప్పలో ఇక్కడ సులువుగా అమ్ముడుపోయేవి: అమెరికా డాలరు, యూరో, బ్రిటన్ పౌండు, దిర్హము, సౌదీ రియాలు, సింగపూర్ డాలరు, ఆస్ట్రేలియా, కెనడా డాలర్లు. రెండో కుప్పలో ఇక్కడ కొనేవాళ్ళు తక్కువగా ఉండేవి: వియత్నాం డాంగ్, ఇండోనేషియా రుపియా, శ్రీలంక రూపాయి, నేపాల్ రూపాయి లాంటివి. మూడో కుప్ప చిల్లర నాణేలు. నాలుగోది పాత నోట్లు, చిరిగినవి, పెన్నుతో రాతలున్నవి.

ఒక్కో కుప్పకు దారి వేరు. అన్నీ కలిపి ఒకే షాపులో పెట్టి "మొత్తం ఎంతిస్తారు?" అని అడిగితే, మంచి నోట్ల మీద వచ్చే లాభాన్ని కూడా మిగతా వాటి పేరుతో తగ్గించేస్తారు. ముందు డాలర్ల రేటు విడిగా మాట్లాడుకోండి. మిగిలినవి ఆ తర్వాతే బయటికి తీయండి.

రెండో మెట్టు: అసలు రేటు తెలుసుకోండి, శాతం లెక్క కట్టండి

గూగుల్‌లో కనిపించే డాలరు రేటు బ్యాంకులు తమలో తాము కోట్ల లెక్కన కొని అమ్ముకునే రేటుకు దగ్గరగా ఉంటుంది. అది మన చేతికి రాదు. అది కొలబద్ద మాత్రమే. షాపువాడు దానికంటే తక్కువకు కొంటాడు, ఎక్కువకు అమ్ముతాడు. ఆ మధ్య తేడాయే అతని సంపాదన. "కమిషన్ లేదు" అని బోర్డు పెట్టిన చోట కూడా ఈ తేడా ఉంటుంది. కాబట్టి ఆ బోర్డు చూసి లోపలికి వెళ్ళకండి.

నోట్లకు తేడా ఎందుకు ఎక్కువ? బ్యాంకు ద్వారా వచ్చే డబ్బు కంప్యూటర్‌లో అంకె మాత్రమే. నోటునైతే లెక్కపెట్టాలి, దొంగనోటా కాదా చూడాలి, ఇనప్పెట్టెలో దాచాలి, బీమా చేయించాలి, కొనేవాడు దొరికేదాకా ఉంచాలి. స్టేట్ బ్యాంకు రోజూ ప్రకటించే విదేశీ మారకపు రేట్ల పట్టిక ఒకసారి చూడండి. ఒకే డాలరుకు బ్యాంకు బదిలీకి ఒక కొనుగోలు రేటు, ట్రావెల్ కార్డుకు (విదేశీ డబ్బు ముందే నింపుకుని తీసుకెళ్ళే ఫారెక్స్ కార్డు) ఒకటి, నోట్లకు ఒకటి ఉంటాయి. అన్నిటికంటే తక్కువ నోట్లకే. ఈ ఒక్క పట్టిక చూస్తే, డబ్బు నోటు రూపంలో మన చేతిలోకి రాకముందే జాగ్రత్తపడటం ఎంత ముఖ్యమో తెలుస్తుంది.

లెక్క ఇలా కట్టండి. అసలు రేటులోంచి షాపు రేటు తీసేయండి. వచ్చినదాన్ని అసలు రేటుతో భాగించి వందతో హెచ్చవేయండి. లెక్క కోసం డాలరు 90 రూపాయలు అనుకుందాం. షాపువాడు 88.65 ఇస్తానంటే తేడా 1.35, అంటే ఒకటిన్నర శాతం. 83 ఇస్తానంటే దాదాపు ఎనిమిది శాతం. నా సొంత కొలత చెబుతాను: డాలర్లకు ఒకటిన్నర శాతం లోపు తేడా ఉంటే మంచి బేరం. రెండు శాతమైతే సరే అనుకోవచ్చు. మూడు దాటితే నేను లేచి వచ్చేస్తాను. దిర్హములు, రియాళ్ళకు మూడు శాతం దాకా ఒప్పుకుంటాను.

గల్ఫ్ కరెన్సీలు ఉన్నవాళ్ళకు ఇంకో సులువు ఉంది. వాటిలో చాలావరకు డాలరుకు కట్టేసి ఉంటాయి. ఒక డాలరుకు 3.6725 దిర్హములు, 3.75 సౌదీ రియాళ్ళు, 3.64 ఖతార్ రియాళ్ళు, 0.376 బహ్రెయిన్ దినార్లు. ఒక ఒమాన్ రియాలుకైతే 2.60 డాలర్లు. డాలరు రేటు తెలిస్తే మిగతావన్నీ ఫోన్ క్యాలిక్యులేటర్‌లో తేలిపోతాయి. డాలరు 90 అయితే దిర్హము దాదాపు 24.50, సౌదీ రియాలు 24, ఒమాన్ రియాలు 234. "ఇవాళ రియాలు పడిపోయింది సార్" అని ఎవరైనా అంటే డాలరు రేటు చూడండి. డాలరు పడకుండా సౌదీ రియాలు ఒక్కటే పడదు. కువైట్ దినారు మాత్రం కొన్ని కరెన్సీల బుట్టకు ముడిపడి ఉంటుంది, కాబట్టి దాని రేటు విడిగా చూసుకోవాలి.

మూడో మెట్టు: ఆ దేశంలో ఉండగానే చేయాల్సినవి

ఎక్కువ డబ్బు ఆదా అయ్యేది ఇక్కడే. చాలామంది ఇల్లు చేరాక ఆలోచిస్తారు. అప్పటికి సగం దారులు మూసుకుపోయి ఉంటాయి.

ఏ దేశపు నోటుకైనా పూర్తి విలువ ఉండేది ఆ దేశంలోనే. పది డాలర్ల నోటుతో అక్కడ పది డాలర్ల సామాను వస్తుంది. తిరుగు ప్రయాణానికి రెండు మూడు రోజుల ముందు చేతిలో ఉన్న నగదు లెక్కపెట్టుకుని, ఆ తర్వాత ఖర్చులకు కార్డు తీయకుండా నగదే వాడండి. హోటల్ బిల్లులో కొంత నగదుగా, మిగిలింది కార్డు మీద కడతామంటే చాలా హోటళ్ళు ఒప్పుకుంటాయి. విమానాశ్రయంలో ఆఖరి కాఫీకి, చాక్లెట్లకు కూడా ఇలా చేయొచ్చు. ముందు నాణేలు, చిన్న నోట్లు ఇచ్చేసి మిగతాది కార్డు మీద వేయమనండి. అయితే డబ్బు ఖర్చుపెట్టడానికే అక్కర్లేని సామాను కొనడం మాత్రం వద్దు. నూటికి ఎనిమిది రూపాయల నష్టం తప్పించుకుందామని నూటికి నూరూ పోగొట్టుకున్నట్టవుతుంది.

పిల్లల దగ్గరికి వెళ్ళిన తల్లిదండ్రులకు ఇంకా మంచి దారి ఉంది. మిగిలిన డాలర్లను తిరుగు ప్రయాణానికి ముందే కొడుకుకో కూతురికో ఇచ్చేయండి, వాళ్ళు తమ బ్యాంకులో వేసుకుంటారు. ఒక్క సెంటు కూడా పోదు. తర్వాత వాళ్ళు ఇండియాకు డబ్బు పంపేటప్పుడు అది బ్యాంకు బదిలీ రేటుకు వస్తుంది. ఇక్కడ నోట్లు మార్చుకుంటే వచ్చేదానికంటే మెరుగ్గానే ఉంటుంది. మా అమ్మకు ఇది ముందే తెలిసి ఉంటే ఆ కవరే ఉండేది కాదు. పెద్దవాళ్ళు మొహమాటపడతారు, "వాడిచ్చిన డబ్బు వాడికే తిరిగి ఇస్తే ఏమనుకుంటాడో" అని. పిల్లలే చొరవ తీసుకుని అడగాలి.

నగదు తెచ్చుకోక తప్పదనుకుంటే చిన్న నోట్లను పెద్దవిగా మార్పించండి. ఒకటి, అయిదు, పది డాలర్ల నోట్లకు ఇక్కడ చాలా షాపులు తక్కువ రేటు కడతాయి, కొన్ని అసలు తీసుకోవు. వందకూ యాభైకే బోర్డు రేటు. అమెరికాలో పిల్లలకు ఖాతా ఉన్న బ్యాంకు బ్రాంచికి వెళ్తే ఊరికే మార్చి ఇస్తారు. రాతలు, ముద్రలు, చిరుగులు లేని నోట్లు అడగండి.

థాయ్‌లాండ్, వియత్నాం, బాలి, శ్రీలంక వెళ్ళేవారు మాత్రం మిగిలింది అక్కడే మార్చేసి రావాలి. డాంగ్‌నో రుపియానో హైదరాబాద్‌లో తీసుకునే షాపు దొరకడమే కష్టం, దొరికినా రేటు బాగా తక్కువ. బ్యాంకాక్‌లో విమానాశ్రయపు పై అంతస్తుల కౌంటర్ల కంటే నగరంలోని సూపర్ రిచ్ లాంటి దుకాణాల్లో రేటు మెరుగు. సింగపూర్‌లో ముస్తఫా సెంటర్ చుట్టుపక్కల, రాఫెల్స్ ప్లేస్‌లోని ఆర్కేడ్‌లో మనీ ఛేంజర్లు పక్కపక్కనే ఉంటారు కాబట్టి నాలుగడుగులు నడిస్తే రేట్లు పోల్చుకోవచ్చు. కొన్ని దేశాల్లో స్థానిక డబ్బును తిరిగి డాలర్లలోకి మార్చాలంటే, వచ్చినప్పుడు మార్చుకున్న రసీదు చూపించాలి. మొదటి రోజు ఇచ్చిన రసీదును పాస్‌పోర్టులోనే పెట్టుకోండి.

అక్కడ మార్చేటప్పుడు డాలర్లు తీసుకోవాలా, నేరుగా రూపాయలే తీసుకోవాలా? థాయ్‌లాండ్ భాట్‌ను డాలర్లు చేసి, ఆ డాలర్లను ఇక్కడ రూపాయలు చేస్తే రెండుసార్లు తేడా కట్టినట్టు. నేరుగా రూపాయలైతే ఒక్కసారే, కానీ అక్కడ రూపాయి రేటు బాగా లేకపోవచ్చు. రెండు దారుల్లోనూ చివరికి చేతికి ఎన్ని రూపాయలు వస్తాయో లెక్క వేసి, ఎక్కువ వచ్చేది ఎంచుకోండి. మన దేశంలో ఉండేవారు విదేశం నుంచి తిరిగొచ్చేటప్పుడు 25,000 రూపాయల దాకా భారత కరెన్సీ తెచ్చుకోవచ్చు.

నేపాల్ సంగతి వేరు. ముక్తినాథ్, పశుపతినాథ్ యాత్రలకు మనవాళ్ళు గోరఖ్‌పూర్ మీదుగా బస్సుల్లో చాలామంది వెళ్తుంటారు. అక్కడ రూపాయికి 1.60 నేపాల్ రూపాయలని 1993 నుంచీ స్థిరంగా ఉంది. కాబట్టి రేటు గురించి టెన్షన్ లేదు. కానీ ఆ నోట్లు మన ఊళ్ళో చెల్లవు. సునౌలీ సరిహద్దు దాటకముందే మార్చేసుకోండి.

గల్ఫ్ నుంచి ఫైనల్ ఎగ్జిట్ మీద (ఉద్యోగం ముగించుకుని పూర్తిగా) వచ్చేవాళ్ళకు

ఇది విడిగా చెప్పాలి, ఎందుకంటే మొత్తాలు పెద్దవి. జగిత్యాల, నిజామాబాద్ నుంచి దుబాయ్, సౌదీ వెళ్ళినవాళ్ళూ, కడప, కోనసీమల నుంచి కువైట్ వెళ్ళినవాళ్ళూ సెటిల్‌మెంట్ డబ్బును నోట్లుగా బ్యాగులో పెట్టుకుని రావడం నేను చూశాను. అది వద్దు. అక్కడి ఎక్స్ఛేంజ్ హౌస్ ద్వారా మీ ఎన్‌ఆర్‌ఈ ఖాతాకు (విదేశాల్లో ఉండే మనవాళ్ళకు ఇక్కడి బ్యాంకులు ఇచ్చే ఖాతా) పంపండి. రేటు నోట్ల కంటే మెరుగు, దారిలో పోతుందన్న భయం ఉండదు, ఎక్కడినుంచి వచ్చిందో బ్యాంకులో రుజువు ఉంటుంది. విమానం ఎక్కే రోజుకు దారిఖర్చులు మాత్రమే చేతిలో ఉంచుకోండి.

హవాలా వాడు పావలా ఎక్కువ ఇస్తానన్నా వెళ్ళకండి. అది చట్టవిరుద్ధం. డబ్బు రాకపోతే అడగడానికి చేతిలో కాగితం ఉండదు. ఏళ్ళ తరబడి ఎండలో సంపాదించిన డబ్బును అలా ఎవరి చేతిలోనో పెట్టకండి.

ఎంత తెచ్చినా తప్పు లేదు, కానీ చెప్పి తేవాలి. నోట్లు 5,000 డాలర్ల విలువ దాటితే, లేదా నోట్లూ ట్రావెలర్స్ చెక్కులూ కలిపి 10,000 దాటితే ఇక్కడ దిగగానే కస్టమ్స్‌లో కరెన్సీ డిక్లరేషన్ ఫారం నింపి ముద్ర వేయించుకోవాలి. తర్వాత బ్యాంకులో వేయడానికైనా, అమ్మడానికైనా ఆ ఫారం అడుగుతారు. సెలవు మీద వచ్చిన ఎన్‌ఆర్‌ఐలు తాము తెచ్చిన నోట్లను పాస్‌పోర్టుతో స్వయంగా బ్యాంకుకు వెళ్ళి ఎన్‌ఆర్‌ఈ ఖాతాలో జమ చేయొచ్చు.

నాలుగో మెట్టు: అమ్మాలా, ఉంచుకోవాలా?

మళ్ళీ అదే దేశానికి వెళ్ళే పని ఉంటే అమ్మకండి. అమ్మినప్పుడు ఒకసారి, కొన్నప్పుడు ఒకసారి నష్టం. రెండూ కలిపితే మూడు నాలుగు శాతం సులువుగా పోతుంది. ఎయిర్‌పోర్టు నుంచి ఇంటికి వెళ్ళే ట్యాక్సీకి, మొదటి రోజు ఖర్చులకు వంద డాలర్లు చేతిలో ఉండటం కూడా ఒక ధైర్యం.

చట్టం దీనికి చోటిచ్చింది. మన దేశంలో ఉండేవారు 2,000 డాలర్ల విలువ దాకా విదేశీ నోట్లు ఎన్నాళ్ళైనా ఉంచుకోవచ్చు. అంతకు మించి మిగిలితే తిరిగొచ్చిన 180 రోజుల్లోగా అధీకృత డీలరుకు, అంటే రిజర్వ్ బ్యాంకు లైసెన్సు ఉన్న బ్యాంకుకో షాపుకో, అమ్మేయాలి. నాణేలకు ఈ పరిమితి లేదు.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. పక్కింటివాళ్ళు అమెరికా వెళ్తున్నారని మన డాలర్లు వాళ్ళకు గూగుల్ రేటుకు అమ్మేస్తే ఇద్దరికీ లాభమే అనిపిస్తుంది. కానీ 1999 నాటి విదేశీ మారకపు నిర్వహణ చట్టం (ఫెమా) మూడో సెక్షను ప్రకారం అధీకృత వ్యక్తితో తప్ప వేరేవారితో విదేశీ మారకం లావాదేవీ చేయకూడదు. జరిమానా ఆ మొత్తానికి మూడు రెట్ల దాకా ఉండొచ్చు. పైగా దొంగనోట్ల గొడవ వస్తే స్నేహం కూడా చెడుతుంది. ఆఫీసు వాట్సాప్ గ్రూపుల్లో "డాలర్లు అమ్మబడును" అని పెట్టేవాళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

రేటు పెరుగుతుందని ఆగడం గురించి కూడా ఒక మాట. 300 డాలర్లున్న మనిషికి రేటు అర్ధరూపాయి పెరిగితే వచ్చేది 150 రూపాయలు. అదే మంచి షాపు వెతికి డాలరుకు మూడు రూపాయలు ఎక్కువ రాబట్టుకుంటే 900. కాబట్టి రేటు కోసం నెలల తరబడి ఆగేకంటే మంచి షాపు కోసం ఒక పూట తిరగడం మేలు.

అయిదో మెట్టు: ఎక్కడ అమ్మాలి?

విమానాశ్రయంలో మార్చకండి. అక్కడ అద్దె ఎక్కువ, పోటీ తక్కువ, వచ్చేవాడు తొందరలో ఉంటాడు. ఇంటికి ట్యాక్సీకి రూపాయలు కావాలంటే ఏటీఎంలో తీసుకోండి.

బ్యాంకులు నమ్మకమైనవే, కానీ అన్ని బ్రాంచీల్లో నోట్లు తీసుకోరు. చాలాచోట్ల తమ ఖాతాదారుల నుంచే తీసుకుంటారు. రేటు బేరమాడే వీలు తక్కువ. పది మైళ్ళ దూరం వెళ్ళేముందు ఫోన్ చేసి కనుక్కోండి.

నోట్లకు మంచి రేటు సాధారణంగా నగరంలోని ఫారెక్స్ షాపుల్లో వస్తుంది. హైదరాబాద్‌లో బషీర్‌బాగ్, ఆబిడ్స్, బేగంపేట, అమీర్‌పేట వైపు ఇవి దగ్గర దగ్గరగా ఉంటాయి కాబట్టి పోటీ ఉంటుంది. ఊళ్ళో ఒకటే షాపు ఉన్నచోట రేటు వాడి ఇష్టం. కాబట్టి జిల్లా నుంచి ఎలాగూ హైదరాబాద్‌కో విజయవాడకో విశాఖకో పని మీద వెళ్ళేటప్పుడు వెంట తీసుకెళ్ళండి. థామస్ కుక్ లాంటి పెద్ద సంస్థలతో పాటు, బుక్ మై ఫారెక్స్ లాంటి వెబ్‌సైట్లలో కూడా రేటు ముందే చూసుకోవచ్చు. ఎక్కడికి వెళ్ళినా గోడ మీద రిజర్వ్ బ్యాంకు లైసెన్సు ఉందో లేదో చూడండి. లైసెన్సు ఉన్నవారి జాబితా రిజర్వ్ బ్యాంకు వెబ్‌సైట్‌లో ఉంటుంది.

వెళ్ళేముందు కనీసం నాలుగు షాపులకు ఫోన్ చేయండి. మాట ఇలా ఉండాలి:

"నా దగ్గర మూడు వంద డాలర్ల నోట్లు ఉన్నాయి, కొత్తవే. నేను అమ్మాలి. మీరు కొనే రేటు ఎంత? అన్ని ఛార్జీలు, జీఎస్టీ పోను నా చేతికి మొత్తం ఎంత వస్తుంది? ఈ రేటు ఎన్ని గంటల దాకా ఉంటుంది?"

"అమ్మాలి" అన్న మాట మొదటే చెప్పాలి. లేదంటే వాళ్ళు అమ్మే రేటు చెబుతారు, అది ఎక్కువగా ఉంటుంది. అది విని సంతోషపడి వెళ్తే కౌంటర్ దగ్గర వేరే రేటు. నోట్ల విలువ కూడా ముందే చెప్పండి, "చిన్న నోట్లకు రేటు వేరు" అని అక్కడికి వెళ్ళాక వినాల్సి రాకుండా. ఒప్పుకున్న రేటును వాట్సాప్‌లో పంపమనండి.

తర్వాత బేరం. ఎక్కువ చెప్పిన షాపు రేటును రెండో షాపుకు చెప్పి, "మీరు ఇంతకు ఇస్తారా, ఇప్పుడే వస్తాను" అనండి. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. రైతుబజారులో టమాటాలకు బేరమాడే మనం, ఏసీ గదీ గాజు కౌంటరూ చూడగానే ఎందుకో నోరు మూసుకుంటాం. బోర్డు రేటు మీద పావలా, అర్ధరూపాయి పెంచే అధికారం కౌంటర్‌లోని మనిషికి మామూలుగా ఉంటుంది. మొత్తం 500 డాలర్లు దాటితే తప్పకుండా అడగండి.

వెళ్ళే వేళ కూడా చూసుకోండి. మన దేశంలో బ్యాంకుల మధ్య మారకపు మార్కెట్ సోమవారం నుంచి శుక్రవారం దాకా, ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 3.30 వరకు నడుస్తుంది. అది మూసి ఉన్నప్పుడు, తెరిచేసరికి రేటు ఎలా ఉంటుందోనని షాపువాళ్ళు కొంత తగ్గించి కడతారు. శనివారం సాయంత్రం, ఆదివారం కాకుండా పనిదినం పదకొండు, పన్నెండు గంటల ప్రాంతం మంచిది.

ఆరో మెట్టు: కౌంటర్ దగ్గర

పాస్‌పోర్టు, పాన్ కార్డు, వాటి జిరాక్సులు తీసుకెళ్ళండి. నోట్లు మీ ముందే లెక్కపెట్టించండి. యంత్రం మీద పెట్టినప్పుడు కళ్ళు అక్కడే ఉండాలి.

జీఎస్టీ ఎంత పడుతుందో ముందే తెలిస్తే మోసపోరు. ఇది మొత్తం మీద 18 శాతం కాదు. లక్ష రూపాయల దాకా మార్చినదానిలో ఒక శాతాన్ని సేవ విలువగా తీసుకుని, దాని మీద 18 శాతం వేస్తారు. ఆ సేవ విలువ కనీసం 250 రూపాయలు. అంటే 25,000 రూపాయల దాకా ఎంత మార్చినా జీఎస్టీ 45 రూపాయలు, లక్షకు 180 రూపాయలు. లక్ష దాటాక పది లక్షల దాకా, పైన ఉన్నదానిలో అర శాతం లెక్కన సేవ విలువ పెరుగుతుంది. అయిదు లక్షలు మార్చితే జీఎస్టీ 540. ఇంతకంటే ఎక్కువ కనిపిస్తే అది ఏమిటని అడగండి. అది సర్వీస్ ఛార్జీ అయితే తీసేయమనండి.

ఈ కనీసపు 45 రూపాయల వల్ల చిన్న మొత్తాలను విడివిడిగా మార్చడం దండగ. 30 దిర్హములు ఒక్కటే మార్చితే వచ్చేదే ఏడువందల పై చిల్లర, అందులో ఆరు శాతం పన్నుకే పోతుంది. ఇంట్లో అందరి దగ్గరా మిగిలినవి ఒకసారి చూసుకుని, ఒకే రోజు పని ముగించండి.

మన దేశంలో ఉండేవారికి 1,000 డాలర్ల విలువ దాకానే నగదుగా ఇవ్వొచ్చు. అంతకు మించితే ఖాతాలో వేస్తారు, కాబట్టి బ్యాంకు వివరాలు వెంట ఉంచుకోండి. ఎంత చిన్న మొత్తమైనా బిల్లు, ఎన్‌క్యాష్‌మెంట్ సర్టిఫికెట్ (విదేశీ డబ్బు మార్చినట్టు రుజువు పత్రం) అడిగి తీసుకోండి. "బిల్లు లేకుండా అయితే ఇంకో రూపాయి ఎక్కువ ఇస్తా" అంటే అక్కడినుంచి వచ్చేయండి.

ఫారెక్స్ కార్డులో మిగిలితే

కార్డులో ఉన్న డబ్బు నోటు కాదు కాబట్టి రేటు సాధారణంగా కాస్త మెరుగు. కానీ కార్డు ఇచ్చిన బ్యాంకే కొనాలి, వేరేచోట బేరం పెట్టలేం. వాడకుండా వదిలేస్తే చాలా కార్డులు కొన్ని నెలల తర్వాత రుసుము కోసుకుంటాయి, అలా యాభై డాలర్లు నెమ్మదిగా కరిగిపోతాయి. దగ్గర్లో ప్రయాణం లేకపోతే వచ్చిన నెలలోనే ఖాళీ చేయించి ఖాతాలో వేయించుకోండి. కార్డులో డాలర్లు కొంచెం, యూరోలు కొంచెం మిగిలితే ఒకదాన్ని ఇంకోదానిలోకి మార్చకండి, రెండూ నేరుగా రూపాయల్లోకే మార్పించండి.

పాత నోట్లు

పాతది కదా అని పారేయకండి, ముందు కనుక్కోండి. అమెరికా ఇంతవరకు ముద్రించిన నోట్లేవీ రద్దు చేయలేదు. కానీ 1996కు ముందు నాటి చిన్న బొమ్మ ఉన్న వంద డాలర్ల నోట్లకు మన షాపులు తక్కువ కడతాయి. 2013 అక్టోబరు నుంచి వస్తున్న నీలి పట్టీ నోటుకే గిరాకీ. పాతవి అమెరికాలో ఉన్నవాళ్ళ బ్యాంకులో వేయిస్తే పూర్తి విలువ వస్తుంది.

బ్రిటన్‌లో కాగితపు 20, 50 పౌండ్ల నోట్లు 2022 సెప్టెంబరు 30తో చెల్లుబాటు పోగొట్టుకున్నాయి. ఇక్కడి షాపులు తీసుకోవు. కానీ బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ తన పాత నోట్లను ఎన్నేళ్ళకైనా మార్చి ఇస్తుంది. స్విట్జర్లాండ్ ఎనిమిదో విడత నోట్లు 2021లో రద్దయినా అక్కడి కేంద్ర బ్యాంకుది కూడా అదే పద్ధతి. 500 యూరోల నోటు జారీ 2019లో ఆగింది కానీ అది ఇప్పటికీ చెల్లుతుంది. గల్ఫ్‌లో మాత్రం జాగ్రత్త. కువైట్ తన అయిదో విడత నోట్లను 2015లో, ఖతార్ తన నాలుగో విడత నోట్లను 2021 చివరితో చలామణీ నుంచి తీసేశాయి. నాన్నగారి పాత పెట్టెలో అలాంటివి దొరికితే వాటిని ఇక్కడ అమ్మజూపకండి, తెలియనివాళ్ళ దగ్గర కొననూ కొనకండి.

చిల్లర

నాణేలను మన దగ్గర మనీ ఛేంజర్లు తీసుకోరు. బరువెక్కువ, విలువ తక్కువ, తిరిగి ఆ దేశానికి పంపే ఖర్చే ఎక్కువ. కాబట్టి అక్కడే వదిలించుకోవాలి. సూపర్‌మార్కెట్లలో మనమే బిల్లు వేసుకునే యంత్రాలు చాలావరకు నాణేలు తీసుకుంటాయి. గుప్పెడు చిల్లర వేసి మిగిలింది కార్డుతో కట్టేయొచ్చు, వెనకాల క్యూలో ఎవరూ విసుక్కోరు. అమెరికాలో చిల్లర లెక్కపెట్టి తీసుకునే కాయిన్‌స్టార్ యంత్రాలు నగదు ఇస్తే రుసుము కోస్తాయి, అదే విలువకు గిఫ్ట్ కార్డు తీసుకుంటే కోయవు. కొన్ని విమాన సంస్థలు 1987 నుంచి యూనిసెఫ్ తరఫున 'చేంజ్ ఫర్ గుడ్' కవర్లలో ప్రయాణికుల చిల్లర పోగుచేస్తున్నాయి. ఆ కవరు కనిపిస్తే అందులో వేయండి.

మా అమ్మ కవరు కథ ఇలా తేలింది. మూడు వంద నోట్లనూ నాలుగు ఫోన్ల తర్వాత బషీర్‌బాగ్‌లో అమ్మాం. అసలు రేటుకు ఒక శాతం పైచిలుకు తక్కువకు, బిల్లుతో సహా. 46 డాలర్లు ఆమె మళ్ళీ వెళ్ళేటప్పటికి పాస్‌పోర్టు సంచిలో ఉన్నాయి. దిర్హములను కూడా అదే బిల్లులో వేయించాం. కాగితపు పౌండ్లు తమ్ముడివే కాబట్టి సంక్రాంతికి వచ్చినప్పుడు వాడే తీసుకెళ్ళి అక్కడ మార్చుకున్నాడు. హార్లిక్స్ సీసా మాత్రం ఇంకా ఉంది. మనవరాలు వచ్చినప్పుడల్లా ఆ నాణేలను నేల మీద పోసి ఏది ఏ దేశానిదో చెప్పించుకుంటుంది.